మోషే మావయ్య బూట్లు

పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక మా చర్చిలో తెర కట్టి ఫొటోలు చూపించారు. మా సంఘంలోని ఆరుగురు యువతీయువకులు పది రోజులు కంబోడియా వెళ్లి, అక్కడి పల్లెల్లో సండేస్కూలు టీచర్లకు పాఠం ఎలా చెప్పాలో నేర్పి వచ్చారు. అందరికీ ఒకే రంగు టీషర్టులు, వీపులకు ఒకే రకం సంచులు. ఏ రోజు ఏ గంటకు ఏ పాఠమో ముందే అచ్చువేసి, దానికి ప్లాస్టిక్ తొడుగు కూడా వేయించి పట్టుకెళ్లారట. ఫొటోలన్నీ అయ్యాక, పత్రికలో ఏళ్ల తరబడి పనిచేసిన అలవాటు ఊరుకోక, వాళ్ల నాయకురాలైన పిల్లను పక్కకు పిలిచి అడిగాను: "అంతా బాగుందమ్మా. ఇంతకీ అక్కడ ఏం జరిగింది?"

"పాఠాలు జరిగాయి తాతయ్యా."

"అవి సరే. దారి తప్పడమో, జారిపడటమో, ఎవరిచేతనైనా చీవాట్లు తినడమో?"

ఆ పిల్ల నా ఆరోగ్యం మీద అనుమానం వచ్చినట్టు చూసింది. "అట్టాంటియ్యేమీ లేవండీ. అంతా ప్లాన్ ప్రకారమే జరిగింది."

నాకు వాళ్లమీద జాలేసింది. ఇంటికి నడిచి వస్తుంటే పాత సంగతి ఒకటి దారి పొడవునా వెంటబడింది. మా ఊరి నుంచి సముద్రం దాటి బోధించడానికి వెళ్లిన మొట్టమొదటి బృందంలో నేనూ ఉన్నాను. అప్పటికి నేను పత్రికలో చేరి ఏడాది కూడా కాలేదు. ప్లాన్ మాకూ ఒకటి ఉండేది. మొదటి ఆదివారం ఉదయం ఎనిమిదింటి దాకా అది చక్కగా నడిచింది.

మేం వెళ్లింది నలుగురం. నాయకుడు మా పెదనాన్న దానియేలు మాస్టారు. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. ఎత్తు అయిదడుగులకు రెండు వేళ్లు తక్కువ, గొంతు మాత్రం ఊరి అవతలికి వినపడేది. ఊళ్లో సగంమందికి ఆయన అక్షరాలు నేర్పాడు, మిగతా సగంమందికి చెవులు మెలేశాడు. రెండో మనిషి సండేస్కూలు నడిపే సలోమి టీచరమ్మ. ఆమె ఏ దేశంలోనైనా తెలుగులోనే మాట్లాడేది, ఎదుటివాడికి అర్థం కాకపోతే అదే మాట ఇంకొంచెం గట్టిగా చెప్పేది. మూడోవాడు బర్నబాసు. డోలక్ వాయిస్తాడు. ఏ విషయమైనా వేళ్లతో చెప్పగలిగితే నోటితో చెప్పడు. నాలుగోవాణ్ణి నేను. నా ఇంగ్లీషు పనికొస్తుందనీ, తిరిగొచ్చాక పేపర్లో వార్త వేయిస్తాననీ నన్ను కలుపుకున్నారు.

నేను ఆ రోజుల్లో పెదనాన్న ఇంట్లోనే ఉండేవాణ్ణి. ఆ ఇంట్లో తెల్లవారడం ప్రార్థనతో మొదలయ్యేది. పెదనాన్న నడవలో కుర్చీ మీద కూర్చుని పాట ఎత్తుకుంటే, పెద్దమ్మ వంటింట్లో నుంచే రెండో చరణం అందుకునేది. పాట మధ్యలో పాలు పొంగితే ఆ చరణం అంతటితో ఆగిపోయేది. ప్రార్థన అయ్యేదాకా ఎవరికీ కాఫీ లేదు. అందుకని పెదనాన్న ప్రార్థన పొడుగైన కొద్దీ మా 'ఆమెన్'లు గట్టిపడేవి. మిరపకాయల కాలంలో ఇల్లంతా ఘాటే. దుప్పట్లలో ఘాటు, పాటల పుస్తకం తిప్పితే ఘాటు, కాఫీ గ్లాసు అంచున కూడా ఘాటు. మాకు అదొక వాసన అని కూడా తెలియదు. బయటి ఊరి చుట్టం వచ్చి గుమ్మంలో తుమ్మితే, ఓహో, మిరపకాయలు ఎండుతున్నాయి కదా అని గుర్తొచ్చేది.

పెదనాన్నకు లోకంలో రెండే సరదాలు. ఒకటి బోధించడం, రెండోది పాట పాడించడం. పాటంటే వేలంపాట. ఏటా కోత పండుగకు మా చర్చిలో జనం తొలి పంట తెచ్చి బల్ల ముందు పెట్టేవాళ్లు. గుమ్మడికాయలు, కోళ్లు, గంపెడు మిరపకాయలు, మూటెడు పత్తి, ఏది ఉంటే అది. ఆరాధన అయ్యాక చెట్టు కింద వాటిని వేలం వేసేవాళ్లు. వేసేది ఎప్పుడూ పెదనాన్నే. ముసలి కోడిపుంజును పైకెత్తి దాని గుణగణాలు ఆయన వర్ణిస్తుంటే, అమ్మడానికి తెచ్చినవాడే మనసు మార్చుకుని పాటలో దిగేవాడు. పక్క ఊళ్లో వేలం జరుగుతుందని తెలిస్తే, తనకేమీ పని లేకపోయినా వెళ్లి వెనకాల నిలబడి "పెంచండి, పెంచండి" అని వచ్చేవాడు.

పెదనాన్న దగ్గర చదువుకున్న ఒకాయన టాంజానియాలో లెక్కల మాస్టారుగా ఉండేవాడు. ఆయన పుణ్యమా అని అక్కడి ఒక కొండ ఊరి చర్చి నుంచి మాకు పిలుపు వచ్చింది. వచ్చి మా సండేస్కూలు టీచర్లకు వారం రోజులు పాఠాలు చెప్పండి అని అక్కడి పాస్టరు ఎలియాస్ గారు రాశారు. ఉత్తరం చివర ఒక మాట ఉంది: ఇక్కడ చలి, బురద ఎక్కువ, దయచేసి కాళ్లు కప్పే బూట్లు తెచ్చుకోండి. పెదనాన్న ఆ మాట మూడుసార్లు చదివాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆయన కాళ్లకు తోలు చెప్పులు తప్ప ఏమీ తెలియదు. మేం ముగ్గురం చెప్పులతోనే సర్దుకుంటామన్నాం గానీ, బోధకుడు బురద కాళ్లతో నిలబడితే దేశం పరువు పోతుందని ఆయనకు దిగులు పట్టుకుంది.

ఊళ్లో అలాంటి బూట్లు ఒక్క ఇంట్లోనే ఉన్నాయి. రూతమ్మ అత్త మా నాన్నవాళ్లకు చిన్నాన్న కూతురు. ఆమె భర్త మోషే మావయ్య నల్లపాడు స్టేషన్లో రైలు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసేవాడు. రిటైరయ్యే రోజు దొరలాగా నడుచుకుంటూ ఇంటికి రావాలని గుంటూరులో కొలతలిచ్చి మరీ నల్లబూట్లు కుట్టించుకున్నాడు. ఆ తర్వాత నాలుగేళ్లకే పోయాడు. బట్టలన్నీ పంచిపెట్టిన రూతమ్మ అత్త బూట్లు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ప్రతి శనివారం సాయంత్రం వాటిని అరుగు మీద పెట్టుకుని, నల్ల పాలిషు పూసి, పాత చీరముక్కతో అద్దంలా తుడిచేది. ఆ దారిన పోయేవాళ్లు "ఏమ్మా, మోషే రేపు గుడికొస్తన్నాడా?" అని నవ్వితే, "మీకంటే ముందే వస్తాడు" అనేది.

పెదనాన్న అడగడానికి వెళ్తూ నన్ను తోడు తీసుకెళ్లాడు. అత్త లోపలికెళ్లి బూట్లు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

"ఇస్తా అన్నయ్యా. కానీ ఇయ్యి పోయినట్టే తిరిగి రావాల. మనిషిని ఎట్టాగూ తిరిగి తెచ్చుకోలేకపోయా. ఇయ్యన్నా నా కళ్లముందు ఉండాల."

"నా ప్రాణం పోయినా బూట్లు వస్తాయమ్మా."

"నీ ప్రాణం సంగతి వదినకి చెప్పుకో. నాకు బూట్లు రావాల. అంతే."

ఆ రోజు నుంచి ప్రయాణం దాకా పెదనాన్న నడక నేర్చుకున్నాడు. మావయ్య కాలు ఆయన కాలుకంటే పెద్దది కాబట్టి రెండు జతల మేజోళ్లు వేసుకునేవాడు. లేసులు కట్టుకోవడం ఆయనకు చేతకాలేదు. ఇంతమందికి అఆలు దిద్దించిన మనిషి ఒక్క ముడి దగ్గర ఓడిపోయి, కాలు చాచి "ఒరేయ్, పట్టు" అనేవాడు. నేను కట్టేవాణ్ణి. సాయంత్రాలు మిరపకళ్లం చుట్టూ టక్‌టక్‌మంటూ తిరుగుతుంటే కోళ్లు చెదిరిపోయేవి, కుక్కలు పక్కకు తప్పుకుని చూసేవి. పెద్దమ్మ వంటింటి కిటికీలోంచి, "ఏవండోయ్, కాళ్లు అంతెత్తున లేపబాకండి, గుర్రం అనుకుంటారు" అనేది. మొత్తానికి ఒక్కసారి కూడా పడకుండా ఆ కళ్లం చుట్టూ మూడుసార్లు తిరిగిన రోజున, నేనిక విదేశానికి సిద్ధం అని ప్రకటించాడు.

మద్రాసులో టీకా సూదులు పొడిపించుకుని, బొంబాయిలో విమానమెక్కి, అక్కడ దిగి, ఒక రోజంతా బస్సులో కొండెక్కి, శనివారం సాయంత్రానికి ఆ ఊరు చేరాం. మా పెట్టెల్లో పాఠాల కన్నా పచ్చళ్లు ఎక్కువ. కందిపొడి, గోంగూర, కారం, వేటపాలెం నుంచి తెప్పించిన జీడిపప్పు పొట్లాలు, పాస్టరమ్మ గారికి చీరాల చీర. పాస్టరు ఎలియాస్ గారు ఆరడుగుల మనిషి, నెమ్మదస్తుడు. మమ్మల్ని తన ఇంట్లోనే దించుకుని, రేపు తొమ్మిదింటికి ఆరాధన, అందులో మొదటి బోధ మీదే అన్నారు.

మా పెదనాన్నకు తొమ్మిదంటే ఎనిమిది. హెడ్మాస్టరు గడియారం అంతే. ఆదివారం ఎనిమిదికల్లా మమ్మల్ని చర్చి గుమ్మం ముందు నిలబెట్టాడు. చుట్టూ అరటితోటలు, మంచు, బయట ఒక కొమ్మకు వేలాడదీసిన లారీ చక్రం రేకు. గంటకు బదులు దాన్నే కొడతారు. ఇంకా ఎవరూ రాలేదు. గుమ్మం పక్కన వసారాలో మాత్రం కొత్త చాప ఒకటి శుభ్రంగా పరిచి ఉంది. మా ఊళ్లో గుడిలోకి చెప్పులతో అడుగుపెట్టేవాడు లేడు. అందరం గుమ్మం బయటే విడుస్తాం, అవి ఒకదాని మీదొకటి ఎక్కి పడి ఉంటాయి. ఇక్కడ చాప చూసేసరికి పెదనాన్న ముఖం వెలిగిపోయింది.

"చూశార్రా మర్యాద! చెప్పులకు చాపేశారు. మన ఊళ్లో మనుషులకే దిక్కులేదు."

"కొత్త చాపండీ మాస్టారూ. దుమ్మయిపోద్దేమో" అంది సలోమి టీచరమ్మ.

"వాళ్లు వేసిందే అందుకమ్మా. విడవకపోతే చిన్నబుచ్చుకుంటారు."

నేను కూర్చుని ఆయన లేసులు విప్పాను. ఆయన బూట్లను చేతిరుమాలుతో తుడిచి, రెండిటి ముక్కులూ ఒకే గీత మీదకు వచ్చేలా చాప మధ్యలో నిలిపాడు. పక్కన సలోమి టీచరమ్మ నీలం హవాయి చెప్పులు, బర్నబాసు శాండల్స్, నా చెప్పులు. నలుగురం ఒట్టి కాళ్లతో లోపలికెళ్లి మొదటి వరసలో కూర్చున్నాం. గచ్చు మంచుగడ్డలా ఉంది. కాసేపటికి జనం రావడం మొదలైంది. అందరూ ఇస్త్రీ బట్టల్లో, మెరిసే బూట్లతో, టకటకా లోపలికి వచ్చి కూర్చుంటున్నారు. పెదనాన్న నా చెవిలో, "పాపం, వీళ్లకింకా తెలియదు. చాప వేసుకున్నారు గానీ వాడటం రావడంలేదు. వెళ్లేలోగా నెమ్మదిగా చెబుదాం" అన్నాడు.

ఆ రోజు ఆయన ఎంచుకున్న పాఠం సమర్పణ. మంచి ఊపులో ఉన్నాడు. ఆయన ఇంగ్లీషులో చెబుతుంటే ఎలియాస్ గారు స్వాహిలిలోకి మారుస్తున్నారు. బైబిల్లో దేవుడికి ఇస్తామని మొక్కుకుని అందులో కొంత దాచుకున్న భార్యాభర్తలకు పట్టిన గతి వర్ణించి, చివర్న బల్ల గుద్ది అన్నాడు: "ఒకసారి దేవుడి ముందు పెట్టిన వస్తువు మీద మళ్లీ నీ కన్ను కూడా పడకూడదు. పడిందా, నువ్విచ్చింది కానుక కాదు, అరువు!" జనం తలలూపారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఎలియాస్ గారైతే మా ఒట్టి కాళ్ల వైపు చూసి ఆ ఆఖరి మాటను రెండుసార్లు మార్చి చెప్పారు. ఎందుకో మాకు అప్పుడు తెలియలేదు.

ఆరాధన అయ్యాక అందరూ పాట పాడుకుంటూ పక్కగుమ్మం గుండా బయటికి నడిచి, ఒకరి చేయి ఒకరు కలుపుతూ పెద్ద వలయంలా నిలబడటం అక్కడి పద్ధతి. మేమూ ఆ వరసలో కొట్టుకుపోయాం. కనపడ్డ ప్రతి చేయీ ఊపి, ఊపిరి తీసుకునేలోగా, ముందు గుమ్మం దగ్గర ఒక గుంపు, అందులోంచి ఒక గొంతు పాట పాడించే వరసలో అరవడం వినిపించాయి. మాట తెలియకపోయినా వరస తెలుసు కదా. పెదనాన్న చెవులు నిక్కాయి.

"ఒరేయ్! వేలం రా!"

అంతే. ఒట్టి కాళ్లతో బురదలో పరుగు. గుంపు వెనక నిలబడితే ఆయనకు ముందువాళ్ల వీపులు తప్ప ఏమీ కనపడటం లేదు. కోళ్లు అరుస్తున్నాయి. అరటిగెలలు, మొక్కజొన్న బుట్టలు గుమ్మం పక్కన గుట్టగా కనిపిస్తున్నాయి. మా కోత పండుగ లాంటిదే. డబ్బు ఉన్నవాడు డబ్బుతో, లేనివాడు తన దగ్గరున్న సరుకుతో పాడుకోవచ్చని పక్కనున్న టీచరు నాకు ఇంగ్లీషులో చెప్పాడు. ముందు ఏదో గొప్ప వస్తువే పాటకొచ్చినట్టుంది. ఇద్దరు ముగ్గురు పోటీపడుతున్నారు. పెదనాన్నకు ఆగలేదు. చేతులు రెండూ పైకెత్తి, అచ్చ తెలుగులో, ఊరదిరేలా మొదలెట్టాడు.

"పెంచండి! పెంచండి! అంతేనా? ఇంత మంచి సరుక్కి అంతేనా? దేవుడికిచ్చేదాంట్లో పిసినారితనమేంటయ్యా!"

భాష రాకపోయినా భావం అందింది. జనం వెనక్కి తిరిగి ఆయన్ను చూసి చప్పట్లు కొట్టారు. పాట పెరిగింది. ఆయన కేకలేసిన ప్రతిసారీ ఇంకో మెట్టు ఎక్కింది. చివరికి ఒక సన్నటి, పొడుగాటి ముసలాయన చేయెత్తి ఏదో అనేసరికి అందరూ 'ఓ' అన్నారు. తన మేకను ఇస్తానన్నాడట. ఇక పోటీ లేదు. "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి!" అని పెదనాన్నే ఇక్కణ్ణుంచి పాట కొట్టేశాడు. ముసలాయన గెలిచిన వస్తువును రెండు చేతులా తలపైకెత్తి అందరికీ చూపించాడు.

మోషే మావయ్య బూట్లు.

పెదనాన్న చప్పట్లు కొట్టబోయిన చేతులు మధ్యలోనే ఆగిపోయాయి. నేను ఆ చాప వైపు చూశాను. అరటిగెలలకూ కోళ్లకూ నడుమ మా మిగతా మూడు జతలూ తమ వంతు కోసం ఎదురుచూస్తున్నాయి. ఆ చాప కానుకల కోసం పరిచింది. మేం అందరికంటే ముందొచ్చి, అందరికంటే ముందు మా కాళ్లవి విప్పి దానిమీద పెట్టాం. సముద్రాలు దాటొచ్చిన అతిథులు కట్టుకున్న బట్టలు తప్ప కాళ్ల చెప్పులతో సహా దేవుడికిచ్చేశారనుకుని, తర్వాత వచ్చిన ప్రతివాడూ ఆ జతలకు దణ్ణం పెట్టి తన అరటిగెలను వాటి పక్కన పెట్టాడు.

ఇంతలో వేలం వేసేవాడు నీలం హవాయి చెప్పులు పైకెత్తాడు.

"ఓరి నాయనో! అయ్యి నా చెప్పులురా!" అంది సలోమి టీచరమ్మ. ఆ కేకకు రెండు కోళ్లు తాళ్లు తెంచుకున్నాయి.

"సలోమీ! అరవకు" అన్నాడు పెదనాన్న, పెదాలు కదపకుండా. "ఇందాక నేనేం చెప్పాను?"

"మీరు చెప్పారండీ. నా కాళ్లకి చెప్పలా!"

"దేవుడి ముందు పెట్టింది వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు."

"తీసుకోను మాస్టారూ. కొనుక్కుంటా!" అని ఆమె చేతిసంచీలోంచి వేటపాలెం జీడిపప్పు పొట్లం తీసి, జనాన్ని తోసుకుంటూ ముందుకెళ్లి, తన చెప్పులు తనే పాడుకుంది. ఎవరూ పోటీకి రాకుండా అందరి వంకా గుడ్లురిమి చూసింది. బర్నబాసు కందిపొడి డబ్బా ఇచ్చి తన శాండల్స్ దక్కించుకున్నాడు. నేను ఆలోచించుకునే లోపల నావి వేలంలో ఇంకెవడో అరటిగెల ఇచ్చి కొట్టుకుపోయాడు.

ఆ సాయంత్రం ఎలియాస్ గారింట్లో విందు. మాంసం కూర అద్భుతం. దిగులుగా ఉన్నా పెదనాన్న రెండుసార్లు వేయించుకుని, పాస్టరమ్మ గారిని మెచ్చుకున్నాడు. ఆవిడ సంతోషించి, పొద్దున యోహానా గారు బూట్ల కోసం ఇచ్చిన మేకే ఇది, అతిథుల కోసం కోశాం అంది. యోహానా అంటే ఆ ముసలాయన. చర్చి గంట కొట్టేది ఆయనే. పెదనాన్న చేయి కంచంలోనే ఉండిపోయింది.

"ఏమందిరా?"

చెప్పాను.

"అంటే మనం తినేది బావ బూట్లనా?"

"ఎడమదో కుడిదో గానీ బాగా ఉడికిందండీ" అన్నాడు బర్నబాసు. ఆ ప్రయాణం మొత్తంలో అతను మాట్లాడిన పొడుగాటి వాక్యం అదే.

వారమంతా పెదనాన్న ఒట్టి కాళ్లతోనే పాఠాలు చెప్పాడు. తెల్లవారేసరికి బయట టక్, టక్, టక్ అని చప్పుడు. గంట కొట్టడానికి యోహానా వస్తున్నాడు. అప్పటిదాకా ఆయన తొడిగింది లారీ టైరుతో కోసిన చెప్పులట. బూట్లు వచ్చాక, గంట దగ్గరికి రావడానికి కావాలనే చర్చి చుట్టూ తిరిగి వచ్చేవాడు. పెదనాన్న దుప్పట్లో నుంచి ఆ చప్పుడు వింటూ, "రూతమ్మకేం చెప్పను రా?" అనేవాడు. "కస్టమ్సోళ్లు లాక్కున్నారని చెప్పండి" అంది సలోమి టీచరమ్మ. "అబద్ధమాడటానికి నేనింత దూరం రావాలా? మన ఊళ్లోనే ఆడేవాణ్ణి" అన్నాడు. అడిగి తీసుకుందామంటే తన పాఠం అడ్డం. ఊరుకుందామంటే తన మాట అడ్డం. ఈ రెంటి మధ్యా ఆయన అన్నం కూడా సరిగ్గా తినలేదు.

దీనికి తోడు మంగళవారం నుంచి ఇంకో తంటా మొదలైంది. మాస్టారు చలిలో ఒట్టి కాళ్లతో నిలబడటం చూసి, అది మా దేశపు భక్తి అనుకుని, పాఠానికొచ్చిన టీచర్లందరూ బూట్లు విప్పి చాపమీద వరసగా పెట్టి లోపలికి వచ్చారు. ఎలియాస్ గారు నన్ను బయటికి పిలిచి, ఆ వరసను చూపించి, చెమట తుడుచుకుంటూ మెల్లగా అడిగారు: "మీ పెదనాన్న గారు ఇవన్నీ కూడా ఇచ్చేయమన్నారా? మా ఆవిడవి కూడా ఉన్నాయి."

ఇక దాచలేకపోయాను. చాప సంగతి, అత్త సంగతి, మాట సంగతి అన్నీ చెప్పేశాను. ఆరడుగుల మనిషి గోడకానుకుని, నోటికి చేయి అడ్డం పెట్టుకుని కదిలిపోతూ నవ్వాడు. తర్వాత ఉన్నట్టుండి గంభీరమయ్యాడు.

మేం బయల్దేరే రోజు ఉదయం ఆ టక్‌టక్ వినపడలేదు. బయటికొచ్చి చూస్తే యోహానా గుమ్మంలో నిలబడి ఉన్నాడు, కాళ్లకు టైరు చెప్పులు, చేతుల్లో బూట్లు. మావయ్యవి అంత నల్లగా మెరవడం నేను రూతమ్మ అత్త అరుగు మీద తప్ప చూడలేదు. ఆయన వంగి బూట్లను పెదనాన్న కాళ్లముందు పెట్టాడు. ఎలియాస్ గారు, "మీ చెల్లెలి సంగతి చెప్పాను. భర్తను పోగొట్టుకున్న మనిషి వస్తువు తొడుక్కుని గంట కొట్టలేనంటున్నాడు" అన్నారు.

పెదనాన్న చేయి ముందుకు సాగింది. నేను చూశాను. వేళ్లు బూటు అంచుకు తగిలాయి కూడా. అక్కడ ఆగాడు. ముసలాయన పాదాల వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో. తర్వాత ఆ పొట్టి మనిషి బురదలో మోకాళ్లు ఆనించి, ఒక బూటు పట్టుకుని, యోహానా కాలు తట్టాడు, ఎత్తు అన్నట్టు. తొడిగాడు. రెండోదీ తొడిగాడు. లేసులు పట్టుకుని, అటు తిప్పి, ఇటు తిప్పి, ఒక మెలికలో ఇంకో మెలిక దూర్చి, చివరికి తల పైకెత్తకుండానే అన్నాడు: "ఒరేయ్, పట్టు."

నేనే కట్టాను. అది ధర్మమో, మొండితనమో, తన పాఠం తనకే గొంతులో అడ్డంపడటమో ఇన్నేళ్లయినా నాకు తేలలేదు. వార్త మాత్రం రాశాను. బోధక బృందం పర్యటన విజయవంతం అని నాలుగు వాక్యాలు. అందులో బూట్లు లేవు.

ఊళ్లో దిగగానే పెదనాన్న ఇంటికి కూడా పోకుండా నేరుగా మిరపకళ్లానికి నడిచాడు. రూతమ్మ అత్త రాశి పక్కన పీట వేసుకుని తాలుకాయలు ఏరుతోంది. ఎర్రవి ఒక వైపు, తెల్లబడినవి ఒక వైపు. మేం నలుగురం ఎదురుగా వరసగా నిలబడ్డాం. ఆమె తలెత్తి ముందు ఆయన కాళ్లు చూసింది. బొంబాయిలో కొన్న రబ్బరు చెప్పులు.

పెదనాన్న నోరు తెరిచాడు, తుమ్మాడు. మళ్లీ తెరిచాడు, మళ్లీ తుమ్మాడు. వారం రోజులు మంచులో తిరిగొచ్చేసరికి మా ఘాటు మాకే కొత్తయింది. ముక్కూ కళ్లూ కారిపోతున్నాయి.

"ఏడవబాక అన్నయ్యా. ఏం జరిగిందో చెప్పు."

"ఏడవడం లేదమ్మా. ఘాటు."

"ఏదైతే ఏం, ముక్కు తుడుచుకుని చెప్పు."

చెప్పాడు. చాప దగ్గర్నుంచి మేక దాకా ఏదీ దాచలేదు. తనే "పెంచండి" అని అరిచిన సంగతి కూడా చెప్పాడు. చివర్న, "మాట తప్పానమ్మా" అని నిలబడ్డాడు. ఆయన అలా చేతులు కట్టుకుని నిలబడటం ఆ ఊళ్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఆయన ముందు అందరూ అలా నిలబడినవాళ్లే.

అత్త కాయలు ఏరుతూనే ఉంది. ఎర్రది ఇటు, తాలు అటు. కాసేపటికి ఎర్రకాయ ఒకటి తాలులో పడింది. అది తీసి ఇటు వేసింది.

"ఆయన రోజూ నడుస్తాడా?" అంది.

"రోజూ. రెండు కొండలు దిగి ఎక్కి వస్తాడు, గంట కొట్టడానికి."

"మరి ఎడమది కరుస్తదని చెప్పావా?"

పెదనాన్న ముఖం తెల్లబోయింది. "కరుస్తుందా? నాకేం కాలేదే."

"నువ్వు రెండేసి మేజోళ్లు తొడిగి కోళ్లని తోలావు. నడిస్తే తెలిసేది. కుట్టినోడు కుడికాలికి కొలత తీసి రెండూ అదే పెట్టి కుట్టాడు. గుడికి పోతా దారంతా తిట్టుకునేవాడు మీ బావ. లోపలికి పోయాక ప్రార్థన, బయటికొచ్చాక మళ్లీ తిట్లు." ఆమె పీట మీంచి లేచి చేతులు దులుపుకుంది. "పాపం, ముసలాయన, ఆ కొండల్లో. ఏరా, నువ్వు పేపరోడివి గదా, కాగితం తియ్యి."

నిన్న ఆ కంబోడియా పిల్ల మా ఇంటికొచ్చింది, తమ పర్యటన గురించి నాలుగు వాక్యాలు రాసిమ్మని. వాళ్లకు అక్కడి టీచర్లతో రోజూ ఫోన్లో మాటలేనట. పాఠం పంపితే క్షణంలో అందుతుంది, ఫొటో అందుతుంది, భేష్ అన్నట్టు పైకెత్తిన బొటనవేలి బొమ్మ అందుతుంది. మంచిదే. మేం వారం రోజులు చెప్పిన పాఠాలు అక్కడ ఎవరికి ఎంత అందాయో మాకు ఏనాడూ తెలియలేదు. వాళ్లకు అన్నీ తెలుస్తాయి. నాలుగు వాక్యాలు రాసిచ్చాను. నేను రాసిన వార్తల్లో ఇప్పుడు నాకు ఒక్కటీ వరసగా గుర్తులేదు. ఆ కళ్లంలో మోకాలి మీద పెట్టుకుని రాసిన ఉత్తరం మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అత్త చెబుతుంటే నేను రాశాను. పెదనాన్న దాన్ని ఇంగ్లీషులో పెట్టాడు, ఎలియాస్ గారు వాళ్ల భాషలో చదివి వినిపించాలి.

"అయ్యా, ఎడమ బూటు మడమ దగ్గర కరుస్తుంది. దూది పెట్టుకోండి. ఇక్కడ మాకు దూదికి కొదవ లేదు, కొంచెం పంపుతున్నాను. తడిస్తే పొయ్యి దగ్గర పెట్టొద్దు, తోలు బిగుస్తుంది, నీడన ఆరనివ్వండి. పాలిషు శనివారం పూస్తే ఆదివారానికి బాగుంటుంది. మీ మేక పోయినందుకు బాధగా ఉంది. మావాళ్లు బాగుందన్నారు."

చివర 'ఇట్లు' అని రాసి పేరు రాయబోతుంటే నా చేయి పట్టుకుని ఆపింది.

"నా పేరెందుకురా? నేనెవరో ఆయనకేం తెలుసు. బూట్లాయన భార్య అని రాయి."

అలాగే రాశాను.